రెండు శనివారాల ప్రయాణం

"చింతపండు సంగతి తర్వాత చూద్దాం గని వనమాలక్కా, నిన్న ఎండుచేపల కాడ ఆగిపోయినం. తీస్కపోనిస్తరా, లేదా?"

"లేదని చెప్తే మళ్ల అడుగుతవేందే రాధా. న్యూజిలాండ్ల దిగంగనే సంచులన్నీ ఇప్పి చూస్తరట. ఎండుచేపలు కనవడితే సంచిని, నిన్ను కలిపి ఓ పక్కకు నిలవెడ్తరు."

"నిలవెట్టనీ. ఆడికెల్లి మనం పోయేది సముద్రం నడుమకేనాయె. వాళ్లకు చేపల వాసన కొత్తనా?"

"కొత్త కాదు. అందుకే చేపలున్న ఊరికి చేపలు మోసుడెందుకని నేను అడుగుతున్న."

రాధాబాయి భూపాలపల్లిలో నవ్వింది. జనగామలో వనమాల చేతిలో ఫోను వణికింది. ఆ నవ్వు అట్లాంటిది. గూడూరు దవాఖానలో నర్సుగా ఉన్న రోజుల్లో, సూదికి ఏడ్చే పిల్లలు ఆ నవ్వు వినగానే ఏడుపు మరిచిపోయి నోరు తెరిచి చూసేవాళ్లు. ఆ సందులో ఆమె సూది వేసేసేది.

ఇద్దరూ ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్లే. పొద్దున చాయ్ తాగిన దగ్గర్నుంచి వాళ్లకు ఒకటే ముచ్చట. పసిఫిక్ సముద్రం నడుమ పాలినేషియా దీవులని ఉన్నాయి. అందులో రారొటోంగా అని ఒక చిన్న దీవి. అక్కడికి వారం రోజులు పోవాలి. ఏం కట్టుకోవాలి, ఏం తినాలి, నీళ్లలో ఎంత లోతుకు దిగాలి. రాధాబాయికి ఈత వచ్చు, గూడూరు పక్క తండాలో వాగులో నేర్చుకుంది. వనమాలకు రాదు. "నా చెయ్యి పట్టుకో, ముంచి లేపుత" అని రాధాబాయి. "ముంచుడు వరకే నీకొస్తది" అని వనమాల.

వనమాల పుట్టింది మహబూబాబాదులో, మెట్టింది జనగామలో. మధ్యలో ఉద్యోగం తిప్పిన ఊళ్లన్నీ తిరిగింది. తెలుగు మీడియంలో చదివి, తెలుగు మీడియం బళ్లలోనే సాంఘికశాస్త్రం చెప్పింది. భూమధ్యరేఖ, కర్కటరేఖ, అంతర్జాతీయ దినరేఖ ఆమె నోట్లో ఆడబిడ్డల పేర్లలా పలికేవి. ఇన్ని సముద్రాల గురించి చెప్పిన మనిషి కళ్లారా చూసింది మాత్రం ఒక్క బంగాళాఖాతమే. అదీ చీర కుచ్చిళ్లు తడవకుండా పైకెత్తుకుని.

ఆమె పనిచేసిన ప్రతి బడిలోనూ గోడకు ఒక ప్రపంచపటం ఉండేది. పటం వేసినవాళ్లు పసిఫిక్ మహాసముద్రాన్ని నడిమికి కోసి సగం కుడి అంచున, సగం ఎడమ అంచున పెట్టారు. దీవులన్నీ ఆ అంచుల్లో పడ్డాయి. చుట్టీ విప్పీ, చుట్టీ విప్పీ ముందు చిరిగేది అంచులే. వనమాల ఏటా వాటికి అట్టముక్కలు అతికించేది. ఘనపూర్ బడిలో ఒకనాడు సాయికుమార్ అనే పిల్లవాడు లేచి, "టీచర్, గవి దీవులా, ఈగలు రెట్టలేసినయా?" అని అడిగాడు. తరగతంతా గొల్లుమంది. వనమాల కూడా నవ్వి, దగ్గరికి పోయి చూస్తే సగం నిజంగా ఈగలవే. మిగిలిన సగాన్ని ఆ రోజు వేలు పెట్టి గట్టిగా చదివింది. సమోవా, టోంగా, తహితి, రారొటోంగా. ఆ చివరి పేరు పిల్లల నోళ్లకు ఎంత నచ్చిందంటే సాయంత్రం ఇంటి గంట కొట్టేదాకా వరండాలో ఒకటే పాట. టీచరుకు కూడా నచ్చింది. బస్సులో ఇంటికి వస్తూ కిటికీ వైపు తిరిగి ఎవరికీ వినబడకుండా అనుకునేది. రారొటోంగా.

ఆ సాయికుమారే ఇప్పుడు జనగామ బస్టాండు దగ్గర యాత్రల ఆఫీసు పెట్టాడు. కాశీ, శిరిడీ, రామేశ్వరం. బస్సు మీద వంటపాత్రలు, వెనక సీట్లో వంటమనిషి. ఉగాది ముందు టీచరును కాశీకి పిలవడానికి ఇంటికి వచ్చాడు.

"కాశీకి పొయ్యొచ్చిన్రా. నీ బస్సు రారొటోంగాకు పోతదా?" అంది వనమాల.

ఆమె ఊరికే అంది. అతను ఊరికే వినలేదు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, గడప దాటకముందే చెప్పాడు.

"బస్సు పోదు గని తొవ్వ దొరికింది టీచర్. న్యూజిలాండ్ దాక ఒక విమానం, ఆడికెల్లి ఇంకో విమానం. గ్యాసుపొయ్యి, బియ్యం బస్తా ఎక్కనియ్యరట. అదొక్కటే పరేషాన్."

ఆ రోజు నుంచి వనమాల కాళ్లు నేల మీద లేవు. పెరట్లో మందారపువ్వు కోసి, ఆ దీవుల్లో ఆడవాళ్లు పెట్టుకున్నట్టు చెవి మీద పెట్టుకుని అద్దంలో చూసుకుంది. తీయడం మరిచిపోయి పాలకు పోయింది. పాలవాడు పాలు పోస్తూ పువ్వును చూశాడు, టీచరును చూశాడు, గిన్నె నిండి పొంగింది.

ఇక మిగిలింది ఆమె భర్త నర్సింగరావు. ఆయనకు జనగామలో కిరాణా హోల్‌సేల్ దుకాణం. బెల్లం, పప్పులు, కొబ్బరికాయలు. ఆ దుకాణానికి వరసగా రెండు రోజులు తాళం పడగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. ఆయన రాకపోయినా రాధాబాయి తోడుంది, పోవచ్చు. కానీ వనమాలకు ఆయనతోనే పోవాలని ఉంది. తాను ఉద్యోగం పేరుతో ఊళ్లు తిరిగింది, ఆయన గల్లా ముందు ఉండిపోయాడు. ఇద్దరూ కలిసి చేసిన పెద్ద ప్రయాణం కాళేశ్వరం. అక్కడ కూడా గోదావరిలో మునిగి లేచిన మనిషి తడిబట్టలతోనే కొబ్బరికాయల అంగడివాడితో ముచ్చట్లో పడ్డాడు.

"ఆడ ఏముంటది?" అని అడిగాడు నర్సింగరావు, వనమాల మొదటిసారి సంగతి ఎత్తినప్పుడు.

"సముద్రం."

"ఇంకా?"

"కొబ్బరిచెట్లు."

ఆయన కొంచెం సర్దుకుని కూచున్నాడు. "కాయ ఎంతుంటది?"

"మీరే వచ్చి చూడుండ్రి. దీవి చుట్టూ ఒకటే రోడ్డట. బస్సులు రెండు తీర్లు. ఒకటి గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతది, ఇంకోటి దానికి ఉల్టా."

"అంటే ఒకటి ప్రదక్షిణం చేస్తదన్నట్టు."

"అంతే అనుకోండ్రి."

"నేను గదే ఎక్కుత. రెండో దాంట్ల కాలు పెట్ట."

అప్పుడే వనమాలకు అర్థమైంది, ఆయన మనసులో బస్సెక్కేశాడని. రాధాబాయికి చెబితే, "నేను ఉల్టా బస్సెక్కుత. దీవి అవతల ఎదురువడ్తం, అన్నకు చెయ్యి ఊపుత" అంది.

నర్సింగరావు ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. ఆ షరతు శనివారం.

దాని వెనక కథ ఇది. వనమాలకు గూడూరులో మొదటి ఉద్యోగం. ఆ వానాకాలం జ్వరం పట్టుకుంది, విడవలేదు. రాధాబాయితో స్నేహం కలిసింది ఆ దవాఖాన మంచం దగ్గరే. రాధాబాయి లోపల సూదులు వేస్తుంటే, నర్సింగరావు జనగామ నుంచి వచ్చి బయట అరుగు మీద కూచున్నాడు. భార్య లేచి నడిస్తే తాను బతికినన్నాళ్లూ శనివారం ఒక్కపొద్దు ఉంటానని వెంకటేశ్వరస్వామికి మొక్కాడు. ఆమె లేచి నడిచింది. ఆయన ఆ మొక్కును నడుపుతూనే ఉన్నాడు. శనివారం పగలంతా చాయ్, మంచినీళ్లు. పొద్దుగూకాక దీపం పెట్టి, ఒక్కపూట భోజనం. పెళ్లి విందుల్లో విస్తరి ముందు నుంచి లేచిపోయాడు, కరోనా వచ్చి మంచం పట్టినా ఒక్కపొద్దు ఉన్నాడు. ఒక్కటి తప్పలేదు.

"శనివారం నన్ను విమానంల కూసోవెట్టకు. ఆడ దీపం ఏడ పెట్టాలె?" ఇదీ ఆయన షరతు.

వనమాల అట్లాగే కుదిర్చింది. న్యూజిలాండ్ నుంచి దీవికి పోవడం గురువారం సాయంత్రం. దీవి నుంచి తిరుగు ప్రయాణం ఆ పై వారం శుక్రవారం రాత్రి. శనివారం జోలికే పోలేదు. పైగా ఇంకో మంచి వార్త చెప్పి అందరినీ మురిపించింది. దారిలో అంతర్జాతీయ దినరేఖ వస్తుంది. అది దాటితే తేదీ ఒక రోజు వెనక్కి పోతుంది.

"బేస్తారం సాయంత్రం ఎక్కుతం. దిగేసరికి మళ్ల బేస్తారమే షురూ అయితుంటది. మనకు ఒక రోజు ఉత్తగ వస్తది" అని ఆమె చెబితే, రాధాబాయి, "ఉత్తగనా? ఆ రోజు వయసుల కలుపుతరా అక్కా, ఇడిచిపెడ్తరా?" అని అడిగింది. నర్సింగరావు మాత్రం నవ్వలేదు. "ఉత్తగ ఎవడిస్తడే?" అని ఊరుకున్నాడు. వీధిలో ఆరేడుగురికి వనమాల ఈ ఉత్తగ వచ్చే రోజు గురించి చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆ రోజు ఇంకొంచెం పెద్దదైంది.

అంతా కుదిరింది. సాయికుమార్ టికెట్ల వివరాలు ఫోనుకు పంపాడు. చూసుకుని సరే అంటే డబ్బు కట్టేస్తాడు. ఆ మధ్యాహ్నం నర్సింగరావు అన్నం తిని దుకాణానికి పోతూ, చెప్పులు వేసుకుంటూ ఒక మాట అడిగాడు.

"అవునే, మనం దీవి ఇడిచిన తెల్లారి శనివారమే గదా. ఆనాడు పొద్దు ఎన్నింటికి గూకుతదో జర చూసి పెట్టు. ఒక్కపొద్దు ఇడువాలె."

వనమాల ఫోను తీసి చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. ఎక్కేది శుక్రవారం రాత్రి. దిగేది ఆదివారం, ఇంకా తెల్లారకముందే. ఆమె వెంటనే సాయికుమార్‌కు ఫోను కలిపింది.

"ఒరే సాయీ, తప్పు పడ్డది చూడు. శుక్రవారం రాత్రి ఎక్కితే ఆదివారం దిగుడేందిరా? సినిమా చూసినంత సేపే ప్రయాణమంటివి. నడుమ శనివారం ఏడ పోయింది?"

"వాళ్లు పంపిందే నేను పంపిన టీచర్."

"వాళ్లు పంపితే నువ్వు చూస్కోవద్దా? చిన్నప్పుడు గూడ గింతే, పటం ముందల నిలవెడితే దిక్కులు చూసుడు. ఎన్నిసార్లు చెప్పిన నీకు, తూర్పుకు దాటితే ఒక రోజు ఎనుకకు, పడమటికి దాటితే..."

మాట అక్కడ ఆగిపోయింది. చేతిలో బెత్తం లేకున్నా ఆమె చెయ్యి గాలిలో లేచి, ఎదుట లేని పటం అంచున గీత దగ్గర నిలబడింది.

"టీచర్? ఉన్నరా?"

"ఉన్న. పడమటికి దాటితే ఒక రోజు ముందటికి. మళ్ల చేస్త తియ్యి."

పోయేటప్పుడు వచ్చే రోజు గురించి వీధి వీధంతా చెప్పింది. వచ్చేటప్పుడు పోయే రోజు తనకు తానే చెప్పుకోలేదు. పరీక్షలో ఏ పిల్లవాడైనా ఇట్లా సగం జవాబు రాస్తే ఎర్ర పెన్ను పట్టుకుని కూచునేది. శనివారం విమానంలో ఉండొద్దని ఆయన అన్నాడు. ఉండకుండా చేసింది. ఎంత బాగా చేసిందంటే అసలు శనివారమే లేకుండా చేసింది. ఇన్నేళ్లుగా ఒక్కటీ తప్పని ఒక్కపొద్దు, అదీ తన ప్రాణం కోసం మొక్కింది, పసిఫిక్ సముద్రంలో పడిపోతుంది.

"చెప్పకు" అంది రాధాబాయి ఫోనులో. "రాత్రి విమానంల పండుకుంటడు. లేస్తడు. ఆదివారం. అయిపాయె."

"అడుగుతడు గదనే, శనివారం ఏదని."

"లేదని చెప్పు. లేని రోజుకు ఒక్కపొద్దు ఏంది వనమాలక్కా? రోజే లేనప్పుడు తప్పేది ఏడుంది?"

ఆ మాట వనమాలకు చాలా నచ్చింది. చాయ్ పెట్టుకుని తాగుతూ దాన్నే నాలుగుసార్లు అనుకుంది. రోజే లేనప్పుడు తప్పేది ఏది. గట్టి మాట. గ్లాసు కడిగేదాకా గట్టిగానే ఉంది. తర్వాత అద్దం ముందు నిలబడి బొట్టు సర్దుకుంటుంటే దవాఖాన అరుగు గుర్తొచ్చింది. ఆ అరుగు మీద కూచున్న మనిషి దేవుడితో బేరం చేస్తూ, ఉన్న శనివారాలని, లేని శనివారాలని విడదీసి ఉండడు. ఆమె చెప్పులేసుకుని దుకాణానికి నడిచింది.

మధ్యాహ్నం పూట దుకాణం కాస్త నిమ్మళంగా ఉంది. నర్సింగరావు గల్లా ముందు, హమాలీ హన్మంత్ బస్తాల మీద.

"ఒక కొబ్బరికాయ ఇయ్యి హన్మంత్. బస్తాల మీద రాసే చాక్‌పీసు గూడ."

"ఇంట్ల పూజనా అమ్మా?"

"పాఠం."

నర్సింగరావు తలెత్తాడు. రిటైరైన భార్య దుకాణంలో పాఠం చెప్పడం ఇదే మొదలు. వనమాల కాయను గల్లా బల్ల మీద నిలబెట్టి పట్టుకుంది.

"గిది భూమి."

"భూమికి గింత పీచుంటదా?" అన్నాడు హన్మంత్.

"నువ్వు ఊకో. గిది న్యూజిలాండ్, గిది మనం పోయే దీవి." రెండు చుక్కలు పెట్టి, నడుమ పైనుంచి కిందికి గీత గీసింది. "గిది దినరేఖ."

"ఎవరు గీసిన్రు?" అని అడిగాడు నర్సింగరావు.

"మనుషులే."

"నీళ్ల మీద?"

"నీళ్ల మీదనే. గిట్ల దాటితే ఒక రోజు వస్తదని చెప్పిన గదా. గిట్ల తిరిగొస్తే ఒక రోజు పోతది. గది మీకు చెప్పలే. నాకే యాదికి లేదు." "మనకు పోయే రోజు శనివారం. శుక్రవారం రాత్రి ఎక్కితే ఆదివారం దిగుతం. చెప్పకుంట తీస్కపోదామనుకున్న. లేని రోజుకు ఒక్కపొద్దు ఎట్ల తప్పుతదని రాధ అంటున్నది."

"రాధ మాట నమ్మితే సూదికి నొప్పే ఉండదు."

"గందుకే చెప్పొచ్చిన. మీరు రానంటే నేను గూడ పోను. రాధనొక్కదాన్నే పంపుత, ఎండుచేపలు లేకుంట."

నర్సింగరావు కాయను చేతిలోకి తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టి ఆడించి చూశాడు, ఏ కాయనైనా అట్లా చూడకుండా ఉండలేడు. లోపల నీళ్లు గలగలమన్నాయి. తర్వాత గీత మీద వేలు పెట్టి ఆ చుక్క నుంచి ఈ చుక్కకు, ఈ చుక్క నుంచి ఆ చుక్కకు జరిపాడు. వనమాల ఆయన వేలినే చూస్తోంది. బోర్డు దగ్గరికి పిలిచిన పిల్లవాడు లెక్క చేస్తుంటే టీచరు చూసినట్టు కాదు, ఫలితాల కోసం పిల్లవాడు చూసినట్టు.

"నాకు ఆనాడే అనుమానమొచ్చింది" అన్నాడు చివరికి. "ఉత్తగ ఒక రోజు ఇస్తున్నరంటే, ఎనుకకెల్లి ఒకటి గుంజుకుంటరని."

"అయితే వద్దంటరా?"

"నేను గది అన్ననా? ఒకటి అడుగుత చెప్పు. గా ఉత్తగొచ్చేది బేస్తారమే ఎందుకు తీస్కున్నవ్?"

"అంటే?"

"ఏ రోజు దాటితే ఆ రోజే గదా రెండుసార్లు వచ్చేది? మనకు పనికొచ్చేది తీస్కోవాలె గని. శనివారం తీస్కో."

వనమాల కాయ మీది గీతను మళ్లీ చూసింది. ఇన్నేళ్లు దినరేఖ పాఠం చెప్పింది గానీ, రోజులను గంపలో కాయల్లా ఏరుకోవచ్చని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

"శనివారం సాయంత్రం న్యూజిలాండ్ల దీపం పెట్టుకుంట, ఒక్కపొద్దు ఇడుస్త, విమానమెక్కుత" అన్నాడు నర్సింగరావు, కాయను తిప్పుతూ. "దిగేసరికి మళ్ల శనివారమేనాయె. మళ్ల ఉంట. రెండు అయినయా? వచ్చేటప్పుడు ఒకటి గుంజుకోనీ. నా మొక్కు నాకే ఉంటది."

"శనివారం విమానమెక్కనంటిరి గదా?"

"దీపం పెట్టి అన్నం తిన్నంక నాకు శనివారం అయిపోయినట్టే. ఇగ విమానంల కూసుంటేంది, ఈడ కూసుంటేంది?"

"ముందుగాల ఇచ్చినట్టయితది మరి. దేవుడు ఒప్పుకుంటడా?"

"ఇన్నేండ్ల సంది దేవునికాడ ఉద్దెర పెట్టలే. ముందుగాల ఇస్తనంటే వద్దనే సావుకారిని నేనైతే చూడలే."

బస్తాల మీద నుంచి హన్మంత్ దిగులుగా అన్నాడు. "సావుకారి, వరుసగ రెండు దినాలు ఒక్కపొద్దులుంటే గా కొబ్బరిచెట్ల కింద కండ్లు తిరిగి పడ్తరు."

"పడితే రాధాబాయి ఉన్నది. సూదేస్తది."

"మరి దుకాణం?"

"దుకాణానికి తాళమేస్తం. నువ్వు గూడ వారం పండుకో."

హన్మంత్ ఆ మాట నమ్మడానికి కొంత సేపు పట్టింది. నమ్మాక ఎవరో వెనక్కి తీసుకుంటారేమోనన్నట్టు లేచి బయటికి పోయి, పక్క దుకాణంలో చెప్పేశాడు.

నర్సింగరావు కాయను తిరిగి గంపలో వేయలేదు. గీత చెరిగిపోకుండా గల్లా పక్కన, లక్ష్మీదేవి పటం కింద నిలబెట్టాడు. "ఎవరన్న అడిగితే అమ్ముతరా?" అంది వనమాల. "గిది అమ్మేది కాదు. గిది తొవ్వ చూస్కోను" అన్నాడు ఆయన, నవ్వకుండానే.

వనమాల దుకాణం మెట్ల మీదికి వచ్చి ఫోను తీసింది. శనివారం సాయంత్రం విమానం ఉందో లేదో, ఉంటే అందులో ముగ్గురికి చోటు మిగిలిందో లేదో ఆమెకు తెలియదు. ఈ శనివారం కాకపోతే ఆ పై శనివారం. అదీ కాకపోతే ఆ పైది. ఎదురుగా రోడ్డు మీద ఎండ, ఆటోలు, బస్టాండు వైపు పోయే జనం. వాళ్లందరినీ ఆపి, వారానికి రెండు శనివారాలు వచ్చే చోటు ఒకటుందని చెప్పాలనిపించింది. ఈసారి మాత్రం పాఠం మొత్తం చెప్పాలి. కానీ ముందు సాయికుమార్‌కు చేయాలి. ఇందాక ఉత్తపుణ్యానికి తిట్టించుకున్నాడు. "ఒరే సాయీ, గా ఈగరెట్టల కాడికి శనివారం దాటుదాం, జర చూడురా" అని మొదలుపెట్టాలనుకుంటూ, అతని పేరు మీద వేలు పెట్టకముందే నవ్వు వచ్చేస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.